గుల్లలో మంచు లెక్క చూపించిన యూరీ

మొన్నామధ్య హెండర్సన్‌లో మా సైటు మీద పని ఆగిపోయింది. క్రీక్ పక్కన డ్రైనేజీ పైపు కోసం డిగ్గర్‌తో తవ్వుతున్నాం. మీటరు లోతు కూడా పోలేదు, నల్లమట్టి మధ్యలో తెల్లగా ఒక పొర బయటపడింది. చూస్తే అన్నీ ఆల్చిప్పలు, గుల్లలు. చారెడు కాదు, బండెడు!

ఈ దేశంలో 1900కి ముందు మనుషులు మసలిన గుర్తులేవైనా భూమిలో కనిపిస్తే పని ఆపి కబురు చెయ్యాలి. అవి ఎప్పుడో మావోరీలు ఏరి, వండుకు తిని పారేసిన గుల్లల కుప్ప కావచ్చు కదా. అందుకే మిషను ఆపించాను. నిజామాబాద్ తమ్ముడొకడు మా దగ్గర పని చేస్తాడు. గవ్వల కోసం పని బంద్ పెడ్తరా అన్నా అని నవ్వాడు. నిజం చెప్పాలంటే నాక్కూడా లోపల నవ్వే వచ్చింది. మాది కాకినాడ వైపు. గుల్లలంటే మాకు సున్నమే. మా తాత కట్టించిన ఇల్లు గుల్ల సున్నంతో కట్టిందే. గుల్లల్ని బట్టీలో కాల్చి, నీళ్లు చల్లి, ఇసుకతో కలిపి గానుగలో తిప్పితే వచ్చే ఆ సున్నం ఎనభై ఏళ్లయినా చెక్కు చెదరలేదు.

మధ్యాహ్నం పురావస్తు నిపుణురాలు వచ్చింది. ఫొటోలు తీసి, కొలతలు రాసుకుని, నాలుగు గుల్లలు కవర్లో వేసుకుంది. ఊరికే నిలబడటం ఎందుకని అడిగాను, వీటితో ఏం తెలుస్తుందని. ఒక్క గుల్ల ఉంటే చాలు, అది ఎప్పుడు చచ్చిపోయిందో, ఎలాంటి నీళ్లలో బతికిందో చెప్పొచ్చని అంది. ఆ రోజుల్లో సముద్రం వేడిగా ఉందా, చల్లగా ఉందా, ధ్రువాల దగ్గర మంచు ఎంత ఉంది... ఇవన్నీ గుల్లల్లోనే రాసి ఉంటాయట! ఆ వారమే హెండర్సన్ లైబ్రరీకి వెళ్లి కూర్చున్నాను. ఏ పుస్తకం తిప్పినా ఒకే పేరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆ పేరు హెరాల్డ్ యూరీ.

డేరాలో చదువు, పట్టాల మీద కూలి

యూరీ 1893 ఏప్రిల్ 29న అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలోని వాకర్టన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి బడిపంతులు, చర్చిలో బోధకుడు కూడా. పిల్లాడికి ఆరేళ్లు వచ్చేసరికే తండ్రి పోయాడు. తల్లి తర్వాత మళ్లీ పెళ్లి చేసుకుంది. ఇంట్లో డబ్బుల్లేవు. ముగ్గురు పిల్లలు.

పల్లెటూరి బళ్లో చదివి, 1911లో హైస్కూలు ముగించాడు. కాలేజీకి వెళ్లే స్తోమత లేదు. టీచర్ సర్టిఫికెట్ తెచ్చుకుని ఊరి బళ్లలో పాఠాలు చెప్పాడు. ఇంట్లోవాళ్లు పడమటి వైపు మోంటానాకి వలస పోతే తనూ వెళ్లి అక్కడా పంతులు పనే చేశాడు. 1914లో, ఇరవయ్యొకటో ఏట, మోంటానా యూనివర్సిటీలో చేరాడు.

మనలో చాలామందికి తెలిసిన బతుకే అక్కడ మొదలైంది. హాస్టల్‌కి కట్టడానికి డబ్బు చాలక కాలేజీ రోజుల్లో డేరా వేసుకుని అందులోనే పడుకుని, అందులోనే చదువుకున్నాడు. భోజనాల దగ్గర వడ్డన పని చేశాడు. వేసవి సెలవుల్లో రైలు పట్టాలు వేసే గ్యాంగులో కూలికి పోయాడు. అలా చేస్తూనే నాలుగేళ్ల చదువు మూడేళ్లలో ముగించి 1917లో జీవశాస్త్రంలో డిగ్రీ పట్టా తీసుకున్నాడు. కెమిస్ట్రీలో నోబెల్ కొట్టినాయన మొదటి చదువు జంతువుల మీద అన్నమాట! నదినీళ్లలో ఉండే ఏకకణ జీవుల్ని చూడటమే ఆయన మొదటి పరిశోధన. తర్వాతి కాలంలో సముద్రపు ఏకకణ జీవుల గుల్లలే ఆయన శాస్త్రానికి పేరు తెస్తాయని అప్పుడు ఎవరికి తెలుసు?

అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం. ఫిలడెల్ఫియాలో పేలుడు పదార్థాలు తయారుచేసే కెమికల్ ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. ఫ్యాక్టరీ బతుకు ఆయనకి సరిపడలేదు. యుద్ధం అయిపోగానే మళ్లీ మోంటానా వెళ్లి రెండేళ్లు పాఠాలు చెప్పి, 1921లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీకి చేరాడు. అక్కడ గిల్బర్ట్ లూయిస్ అనే పెద్ద కెమిస్టు దగ్గర 1923లో డాక్టరేట్ పూర్తి చేశాడు. ఆ వెంటనే స్కాలర్‌షిప్ మీద డెన్మార్క్ వెళ్లి కోపెన్‌హేగన్‌లో నీల్స్ బోర్ దగ్గర ఒక ఏడాది ఉన్నాడు. తిరిగొచ్చి బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో, 1929 నుంచి న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో ఉద్యోగం. 1926లో ఫ్రీడా డాం అనే శాస్త్రవేత్తని పెళ్లి చేసుకున్నాడు. నలుగురు పిల్లలు.

పండగ పూట దొరికిన బరువు హైడ్రోజన్

ఒకే మూలకంలో కొన్ని పరమాణువులు తేలిగ్గా, కొన్ని కాస్త బరువుగా ఉంటాయి. గుణం ఒకటే, తూకం వేరు. వీటినే ఐసోటోపులు అంటారు. ఒకే సైజు ఇటుకల్లో కొన్ని కాస్త ఎక్కువ కాలి, కొన్ని తక్కువ కాలి తూకం తేడా వచ్చినట్టు అనుకోండి. గోడలో పెడితే అన్నీ ఇటుకలే, చేత్తో ఎత్తితేనే తేడా తెలుస్తుంది.

హైడ్రోజన్‌లో కూడా ఇలాంటి బరువు రకం ఉండాలని యూరీ లెక్క వేశాడు. ఉన్నా అది ఆరు వేల పైచిలుకు పరమాణువుల్లో ఒక్కటే. దాన్ని పట్టుకోవడం ఎలా? వాషింగ్టన్‌లో ఫెర్డినాండ్ బ్రిక్‌వెడ్డి అనే మిత్రుడు ద్రవ హైడ్రోజన్‌ను లీటర్ల కొద్దీ ఆవిరి చేసి, అడుగున మిగిలిన కొంచెం పంపించాడు. తేలికవి ముందు ఆవిరైపోతాయి, బరువువి అడుగున చేరతాయి. ఈ సూత్రం గుర్తుపెట్టుకోండి, ముందు ముందు మంచు కథంతా దీని మీదే నడుస్తుంది. యూరీ, ఆయన సహాయకుడు జార్జి మర్ఫీ కలిసి ఆ నమూనాని పరీక్షిస్తే 1931 నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండగ రోజున, బరువు హైడ్రోజన్ గుర్తు దొరికింది. దానికి డ్యుటీరియం అని పేరు పెట్టారు.

1934లో కెమిస్ట్రీ నోబెల్ యూరీ ఒక్కడికే ఇచ్చారు. డిసెంబరులో స్టాక్‌హోంలో జరిగిన సభకి ఆయన వెళ్లలేదు. అప్పుడే ఇంట్లో కూతురు పుట్టింది మరి. పేరు తన ఒక్కడికే వచ్చినా డబ్బుని మాత్రం ఒక్కడే ఉంచుకోలేదు. బ్రిక్‌వెడ్డికీ మర్ఫీకీ వాటా పంచాడు. ఆ రోజుల్లోనే పరిశోధన కోసం తనకి 7,600 డాలర్లు వస్తే అందులో సగం తీసి, అప్పటికి ఇంకా పేరు రాని ఇసిడోర్ రాబీకి ఇచ్చాడు. రాబీ పసితనంలోనే తల్లిదండ్రులతో ఐరోపా నుంచి వలస వచ్చినవాడు. పదేళ్లకి, 1944లో, ఆయనకీ ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చింది. ఐరోపా నుంచి ప్రాణాలు చేతపట్టుకుని వచ్చిన శాస్త్రవేత్తలకి యూరీ ఇంటి తలుపు తెరిచే ఉండేది. ఇటలీ నుంచి వచ్చిన ఎన్రికో ఫెర్మీ కుటుంబం న్యూజెర్సీలో యూరీ ఉండే లియోనియా ఊళ్లోనే ఇల్లు కొనుక్కుంది.

బాంబు నీడ

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. హిట్లర్ చేతికి ముందు అణుబాంబు వెళ్తే ఎలా అనే భయంతో అమెరికా శాస్త్రవేత్తలంతా ఆ పనిలో దిగారు. యురేనియంలో బరువు రకాన్నీ తేలిక రకాన్నీ విడదీయాలి. ఐసోటోపులు విడదీయడంలో యూరీని మించినవాడు లేడు. కొలంబియాలో ఆ ప్రయోగశాల బాధ్యత ఆయన మీదే పడింది. వందలమంది మనుషులు, గడువులు, పైవాళ్ల ఒత్తిడి... ఆ పెత్తనం ఆయన ఒంటికి పడలేదు. నలిగిపోయాడు.

జర్మనీ ఓడిపోయాక బాంబు వాడే విషయం మళ్లీ ఆలోచించాలని కొందరు శాస్త్రవేత్తలు అనుకున్నారు. 1945 మే నెలలో లియో జిలార్డ్‌తో కలిసి యూరీ అధ్యక్షుడు ట్రూమన్‌ని కలుద్దామని వెళ్లాడు. అక్కడి నుంచి వాళ్లని దక్షిణ కరోలినాలో ఉన్న జేమ్స్ బర్న్స్ దగ్గరికి పంపారు. ఫలితం దక్కలేదు. ఆగస్టులో హిరోషిమా, నాగసాకి జరిగిపోయాయి.

యుద్ధం తర్వాత యూరీ చికాగో యూనివర్సిటీకి మారాడు. ఊరూరా తిరిగి అణ్వాయుధాల మీద అదుపు ఉండాలని ఉపన్యాసాలు ఇచ్చాడు. ప్రయోగశాలలో మాత్రం యుద్ధానికి ఏమాత్రం పనికిరాని విషయం ఎంచుకున్నాడు. అదే సముద్రపు గుల్ల!

జూరిక్‌లో ఒక ప్రశ్న

1946లో యూరీ ఐరోపాలో ఉపన్యాసాలు ఇచ్చాడు. ఐసోటోపుల తూకం తేడా వల్ల రసాయన చర్యల్లో ఎంత తేడా వస్తుందన్నది విషయం. స్విట్జర్లాండ్‌లో జూరిక్ సభలో పాల్ నిగ్లీ అనే ఖనిజ శాస్త్రవేత్త లేచి ఒక సంగతి అడిగాడు. అలాగైతే సముద్రపు నీళ్లలో ఏర్పడిన సున్నపురాయినీ మంచినీళ్లలో ఏర్పడిన సున్నపురాయినీ ఆక్సిజన్ చూసి వేరు చేయొచ్చా అని. యూరీ ఇంటికి తిరిగొచ్చి లెక్కలు వేశాడు. ఆ లెక్కల్లో ఆయనకి ఇంకోటి కనిపించింది. నీళ్ల వేడిని బట్టి కూడా గుల్లలోకి చేరే ఆక్సిజన్ మారుతోంది. అంటే గుల్ల ఒక థర్మామీటర్! కోట్ల ఏళ్ల కిందట చచ్చిపోయిన జీవి గుల్లని పట్టుకుని, అప్పటి నీళ్లు ఎన్ని డిగ్రీల వేడి ఉన్నాయో చెప్పొచ్చు. ఈ లెక్క 1947లో అచ్చయింది.

అదెలాగంటే... ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం తేలిక రకం, దాని తూకం 16. సుమారు ఐదు వందల్లో ఒకటి బరువు రకం, తూకం 18. సముద్రజీవి నీళ్లలోంచి కాల్షియంనీ కార్బొనేట్‌నీ తీసుకుని గుల్ల కట్టుకుంటుంది. అదీ సున్నపు పనే, కాకపోతే బట్టీ లేదు, మేస్త్రీ లేడు. నీళ్లు చల్లగా ఉంటే గుల్లలోకి బరువు ఆక్సిజన్ కాస్త ఎక్కువ చేరుతుంది. వేడిగా ఉంటే తక్కువ. గుల్ల గట్టిపడ్డాక ఆ వాటా అలాగే నిలిచిపోతుంది.

చెప్పడం తేలికే, కొలవడం కష్టం. ఒక డిగ్రీ వేడి తేడాకి మారేది, ఉన్న వాటాలో పదివేలకి రెండు వంతులు మాత్రమే. అప్పటి మిషన్లకి అంత సూక్ష్మం అందదు. అందుకే పాత డిజైన్‌ని మార్చి కొత్త మాస్ స్పెక్ట్రోమీటర్ కట్టడానికి ఆయన బృందానికి ఏళ్లు పట్టాయి. మిషను పని చార్లెస్ మెకిన్నీ చూశాడు. గుల్లల సంగతి హైంజ్ లోవెన్‌స్టామ్ చూశాడు, ఆయన జర్మనీ నుంచి వలస వచ్చినవాడు. గుల్లల్లోంచి గ్యాసు తీసే పద్ధతి శామ్యూల్ ఎప్‌స్టీన్ చూశాడు, ఆయన పోలండ్‌లో పుట్టి కెనడాలో పెరిగినవాడు.

1951లో ఫలితం బయటపెట్టారు. స్కాట్లాండ్‌లోని స్కై దీవిలో దొరికిన బెలెమ్నైట్ అనే జీవి గుల్ల అది. డైనోసార్ల కాలంలో సముద్రంలో తిరిగిన, స్క్విడ్ లాంటి ప్రాణి. చెట్టు కాండంలో వలయాల్లా ఆ గుల్లలోనూ పొరలు ఉంటాయి. పొర పొరా గీకి కొలిచారు. ఆ జీవి మూడు వేసవులు, నాలుగు చలికాలాలు చూసి, ఒక వసంతంలో చచ్చిపోయిందని తేలింది. పదిహేను కోట్ల ఏళ్ల నాటి ప్రాణి ఏ కాలంలో పోయిందో చెప్పగలిగారంటే ఏమనాలి!

గాజు సామాను కడగడానికి వచ్చిన అమ్మాయి

ఈ ప్రయోగశాలలోని తొషికో మయేడా కథ మన వాళ్లు తప్పక తెలుసుకోవాలి. అమెరికాలో పుట్టి, కొన్నేళ్లు జపాన్‌లో పెరిగిన అమ్మాయి. యుద్ధ సమయంలో జపాన్ మూలాలున్న చాలామందిని అమెరికా ప్రభుత్వం క్యాంపుల్లో పెట్టింది. ఆమెనూ కాలిఫోర్నియాలోని ట్యూల్ లేక్ క్యాంపులో ఉంచారు. బయటికొచ్చాక చికాగోలో కాలేజీ చదువు చదివి, యూరీ ప్రయోగశాలలో గాజు సామాను కడిగే పనిలో చేరింది.

కొద్దికాలానికే మాస్ స్పెక్ట్రోమీటర్ ఆమె చేతికొచ్చింది. 1953లో నీళ్లలో ఆక్సిజన్ కొలిచే పద్ధతి మీద ఎప్‌స్టీన్‌తో కలిసి ఆమె పేరుతో వ్యాసం అచ్చయింది. ఇప్పటికీ ఈ రంగంలో అందరూ చెప్పుకునే వ్యాసం అది. తర్వాత చంద్రుడి రాళ్లు, ఉల్కలు కూడా ఆమె చేతి మీదుగా వెళ్లాయి. 2004లో చనిపోయేదాకా చికాగోతో ఆమె బంధం తెగలేదు. డిప్లొమాతో వచ్చి సైటు మీద నిలదొక్కుకున్న నాలాంటి వాడికి ఈ కథ ఎక్కడ తగులుతుందో వేరే చెప్పాలా?

థర్మామీటర్ అనుకుంటే...

ఇటలీలోని బొలోన్యా నుంచి 1948లో చికాగో వచ్చిన చెజారే ఎమిలియానీ కూడా యూరీ బృందంలో చేరాడు. ఈయన పెద్ద గుల్లలు వదిలేసి ఫొరామినిఫెరా పట్టుకున్నాడు. బొంబాయి రవ్వ గింజంత ఉండే ఏకకణ జీవులు ఇవి. చచ్చాక వాటి గుల్లలు సముద్రం అడుగుకి చేరి పొర మీద పొర పేరుకుంటాయి. ఓడల మీద నుంచి పొడుగాటి గొట్టం దింపి ఆ బురదని తీస్తే, పైన కొత్తవి, కింద పాతవి. మనం పునాదికి ముందు బోరు వేసి మట్టి నమూనా తీస్తామే, అదే పద్ధతి.

కరీబియన్ సముద్రం బురదలోని గుల్లల్ని వరసగా కొలిచి 1955లో ఎమిలియానీ ఫలితాలు ఇచ్చాడు. మంచుయుగాలు నాలుగే అని అప్పటిదాకా పాఠాల్లో ఉండేది. గుల్లలు అంతకన్నా ఎక్కువ చెప్పాయి. చలి, వేడి, మళ్లీ చలి, మళ్లీ వేడి...

ఇక్కడే ఒక చిక్కు ఉంది. అది యూరీ బృందానికీ తెలుసు. సముద్రపు నీరు ఆవిరైనప్పుడు తేలిక ఆక్సిజన్ ఉన్న నీళ్లే ఎక్కువ పైకి లేస్తాయి. మెట్ల మీద బస్తాలు మోసేటప్పుడు తేలిక బస్తా వాడు ముందు పైకి చేరిపోయినట్టు. ఆ తేలిక నీళ్లు ధ్రువాల దగ్గర మంచుగా కురిసి అక్కడే గడ్డకట్టి, వేల ఏళ్లు తిరిగి రాకపోతే? సముద్రంలో బరువు ఆక్సిజన్ వాటా పెరుగుతుంది. పులుసు మరిగేకొద్దీ ఉప్పు దిగినట్టన్నమాట. అంటే గుల్ల బరువెక్కడానికి కారణాలు రెండు. నీళ్లు చల్లబడటం ఒకటి, భూమి మీద మంచు పెరగడం రెండు. ఎందులో ఎంత వాటా?

ఎమిలియానీ వేడికే పెద్ద వాటా ఇచ్చాడు. కేంబ్రిడ్జిలో నికొలస్ షాకిల్టన్ 1967లో దాన్ని తిరగేశాడు. అంటార్కిటికా యాత్రికుడు ఎర్నెస్ట్ షాకిల్టన్‌కి ఈయన దూరపు బంధువు. సముద్రం అడుగున నీళ్లు ఎప్పుడూ గడ్డకట్టేంత చల్లగానే ఉంటాయి, ఇంకా పెద్దగా చల్లబడే వీల్లేదు. అయినా అడుగున బతికే జీవుల గుల్లల్లోనూ దాదాపు అదే మార్పు కనిపించింది. అంటే మార్పులో ఎక్కువ భాగం మంచుదే! యూరీ థర్మామీటర్ కావాలని మొదలుపెడితే, అది మంచు తూచే కాటాగా కూడా పనికొచ్చింది.

మంచు వెనక్కి వెళ్లిన దారి

ఇరవై వేల ఏళ్ల కిందట కెనడా దాదాపు అంతా, ఉత్తర ఐరోపా చాలా భాగం కిలోమీటర్ల మందం మంచు కింద ఉండేది. సముద్రం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కిందికి ఉండేది. ఆ మంచు ఎప్పుడు, ఏ దారిలో కరిగింది? 1975లో షాకిల్టన్, న్యూజిలాండ్‌లో పుట్టిన జేమ్స్ కెన్నెట్ కలిసి మెక్సికో సింధుశాఖ అడుగు బురదలోని గుల్లల్ని కొలిచారు. ఒక దశలో గుల్లలు హఠాత్తుగా తేలికైపోయాయి. కెనడా మంచు కరిగిన తేలిక నీళ్లు మిసిసిపీ నది గుండా వరదలా దిగాయన్నమాట. తర్వాత ఆ గుర్తు ఆగిపోయింది. మంచు అంచు ఉత్తరానికి జరిగేసరికి నీళ్లకి తూర్పు వైపు వేరే దారి దొరికింది. నది ఒడ్డున ఎవరూ నిలబడి చూడలేదు, గుల్లలే సాక్ష్యం చెప్పాయి.

అదే ఏడాది వీళ్లిద్దరూ మనం ఉన్న ఈ న్యూజిలాండ్‌కి దక్షిణాన సముద్రంలో తీసిన నమూనాల మీదా ఫలితాలు ఇచ్చారు. అంటార్కిటికా మీద మంచు ఎప్పుడు కట్టిందో అందులో తెలిసింది. ఇప్పటి లెక్క ప్రకారం పెద్ద మంచు మొదలైంది సుమారు 3 కోట్ల 40 లక్షల ఏళ్ల కిందట.

మరి ఏ ఏడాది ఏం జరిగిందో కాలం ఎలా కట్టారు? దానికి చికాగోలోనే, యూరీ పక్క గదుల్లోనే మందు దొరికింది. యుద్ధంలో యూరీ దగ్గర పనిచేసిన విల్లార్డ్ లిబ్బీ 1949లో కార్బన్ 14తో వయసు కట్టే పద్ధతి చూపించాడు. 1960లో నోబెల్ కూడా అందుకున్నాడు. మంచు తప్పుకున్న చోట సముద్రం చేరగానే గుల్లల జీవులు కాపురం పెడతాయి. అక్కడి అన్నిటికన్నా పాత గుల్ల వయసు కడితే, మంచు కనీసం అప్పటికే వెళ్లిపోయిందని అర్థం. సముద్రపు నీళ్లలో పాత కార్బన్ ఉండటం వల్ల గుల్ల వయసు కొన్ని వందల ఏళ్లు ఎక్కువ చూపిస్తుంది, దాన్ని సరిచేసుకోవాలి. న్యూజిలాండ్‌లోనూ వెల్లింగ్టన్ దగ్గర లోయర్ హట్‌లో 1950లలోనే ఈ పని మొదలైంది.

మన గోదావరి కూడా ఈ లెక్కలోకి వచ్చింది. గోదావరి సముద్రంలో కలిసే చోటికి ఎదురుగా, బంగాళాఖాతం అడుగున తీసిన బురదలో చిన్న గుల్లలు, ఆకుల మైనం కొలిచి 2012లో ఫలితం ప్రకటించారు. సుమారు 4 వేల ఏళ్ల కిందటి నుంచి మధ్య భారతం ఎండుతూ వచ్చిందని, 1,700 ఏళ్ల కిందట ఇంకా ఎక్కువైందని అందులో తేలింది. వాన తగ్గితే నది తెచ్చే తేలిక నీళ్లు తగ్గుతాయి, గుల్ల బరువెక్కుతుంది. సూత్రం అదే!

తప్పైతే ఒప్పుకున్న మనిషి

యూరీ 1950ల మధ్యకే గుల్లల్ని శిష్యులకి వదిలేశాడు. 1953లో స్టాన్లీ మిల్లర్ అనే విద్యార్థి ఆయన దగ్గర చేసిన ఒక ప్రయోగం అచ్చయింది. సీసాలో నీటి ఆవిరి, మరికొన్ని గ్యాసులు పెట్టి మెరుపులాంటి కరెంటు పంపిస్తే ప్రాణికి కావలసిన అమైనో ఆమ్లాలు ఏర్పడ్డాయి. ప్రపంచమంతా మారుమోగిన ప్రయోగం. వ్యాసం మీద తన పేరు ఉంటే పేరంతా తనకే పోతుందని యూరీ తన పేరు తీయించాడు. మిల్లర్ పేరొక్కటే అచ్చయింది.

గూఢచర్యం కేసులో మరణశిక్ష పడ్డ రోజెన్‌బర్గ్ దంపతుల తరఫున, సాక్ష్యం సరిపోదని అదే ఏడాది బహిరంగంగా నిలబడ్డాడు. అమెరికాలో అందరూ నోరు మూసుకుని ఉన్న రోజులవి. శిక్ష ఆగలేదు. ఆయన మీద అనుమానాలు మాత్రం పెరిగాయి.

1958లో కాలిఫోర్నియాలోని సాన్ డియేగోకి వెళ్లాడు. చంద్రుడి మీదికి మనిషి వెళ్లాలని గట్టిగా వాదించిన వాళ్లలో ఆయనొకడు. చంద్రుడు మొదట్నుంచీ చల్లని గోళమేనని ఆయన నమ్మకం. 1969లో అపోలో రాళ్లు తెస్తే అవి ఒకప్పుడు కరిగిన లావా అని తేలింది. ఏళ్ల తరబడి చెప్పిన మాట పోయింది. ఆయన మొండికెయ్యలేదు, రాయి చెప్పిందే ఒప్పుకున్నాడు. 1981 జనవరి 5న, 87వ ఏట, లా హోయాలో కన్నుమూశాడు. పుట్టిన ఇండియానా మట్టిలోనే ఆయన్ని సమాధి చేశారు.

మనకెందుకీ లెక్క?

ఉప్పాడ సంగతి కాకినాడ వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. మా చిన్నప్పుడు మా అత్తయ్య వాళ్ల ఇంటి ముందు రెండు వీధులు దాటితే గానీ సముద్రం వచ్చేది కాదు. ఇప్పుడు ఆ వీధులు లేవు. ఆ కోతకి కారణాలు చాలా ఉన్నాయి, అంతా మంచు మీద నెట్టలేం. కానీ గ్రీన్‌లాండ్ మంచు మొత్తం కరిగితే సముద్రం సుమారు 7 మీటర్లు, అంటార్కిటికా మొత్తం కరిగితే 50 మీటర్ల పైన పెరుగుతుంది. అది రేపో ఎల్లుండో జరిగేది కాదు. ఎంత వేగంగా జరగొచ్చన్నదే ప్రశ్న. దానికి జవాబు ఒకప్పుడు జరిగినదాంట్లోనే ఉంది. పగడాల దిబ్బల్ని బట్టి చూస్తే సుమారు 14,500 ఏళ్ల కిందట ఐదు వందల ఏళ్ల లోపే సముద్రం దాదాపు 15 మీటర్లు పెరిగింది. మంచు ఒక్కోసారి నింపాదిగా కాదు, తొందరగా వెళ్తుందని దానర్థం.

హెండర్సన్ క్రీక్ నీళ్లు వెళ్లి కలిసే వైటెమాటా హార్బర్ కూడా అలా పుట్టిందే. మంచుయుగంలో అది నదుల లోయ. హౌరాకీ గల్ఫ్ అంతా పొడినేల. మంచు కరిగి సముద్రం పైకొచ్చి, సుమారు 7 వేల ఏళ్ల కిందటికి ఆ లోయల్ని ముంచింది. ఆ తర్వాతే ఇక్కడ గుల్లలు పెరిగాయి, ఎప్పటికో మనుషులు వచ్చి ఏరుకున్నారు. మా గోతిలో కనిపించిన తెల్లపొర వెనక ఇంత ఉంది.

పైపు లైను కాస్త పక్కకి జరిపి డ్రాయింగు మార్చారు. పని మళ్లీ మొదలైంది. ఇన్నేళ్లూ సైటు రిపోర్టు మీద నా పేరొక్కటే రాసేవాణ్ణి. తవ్వింది ఎవరు, పొరని ముందు చూసి చెయ్యి ఎత్తింది ఎవరు అని ఎప్పుడూ రాయలేదు. ఆ వారం రిపోర్టులో డిగ్గర్ నడిపినతని పేరు, నిజామాబాద్ తమ్ముడి పేరు, ఇంకో ఇద్దరి పేర్లు రాశాను. నా పేరు చివర్లో పెట్టాను. తమ్ముడు అది చూసి మళ్లీ నవ్వాడు. ఈసారి గవ్వల మీద కాదు.